పసుపు పూసిన బిడ్డకు కామెర్లొస్తే

మా ఆరోగ్య కేంద్రంలో అందరూ నన్ను ముందర మేడం అనేవారు, వెనక కంగారక్క అనేవారు. ఆ పేరు నాకు తెలుసన్న సంగతి వాళ్ళకూ తెలుసు. పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళానంటే నాకు కుదురు ఉండేది కాదు. బిడ్డ బట్టలు విప్పి చూడాలి, వెలుతురులో చూడాలి, పాలు తాగుతుంటే పక్కన కూర్చుని చూడాలి. "కామెర్లోడికి లోకమంతా పచ్చగా కనపడినట్టు, మీకు ప్రతి బిడ్డా పచ్చగానే కనపడతాది మేడం" అని మా ఫార్మసిస్టు ఏడిపించేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆ రోజు చూసిన బిడ్డ కళ్ళే గుర్తొచ్చేవి.

ఏఎన్‌ఎంగా చేరి, నెల్లూరు సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ తిరిగి, మోకాళ్ళు అరిగాక ఉద్యోగం దిగిపోయాను. ఇప్పుడు మా చెల్లెలి కూతురు అదే పనిలో చేరింది. "పెద్దమ్మా, నాకు ఏమన్నా నేర్పు" అని అడుగుతుంటుంది. టీకాలు వేయడం, రిపోర్టులు పంపడం ఎవరైనా నేర్పుతారు. ఎవరూ సరిగ్గా నేర్పనిది ఒకటుంది, అది భయపడటం. ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు అక్కర్లేదు, భయపడినప్పుడు ఇంట్లోవాళ్ళను ఎలా కదిలించాలి అన్నది. నాకు అది పుట్టిన బిడ్డల ఒంటి పసుపు రంగు నేర్పింది. అందుకే దాని గురించే ఆమెకూ, ఆమెలాంటి చిన్నవాళ్ళకూ రాస్తున్నాను.

అన్ని పసుపులూ ఒకటి కావు

కొడవలూరులో ఒక రైతు కుటుంబం ఉండేది. పెళ్ళైన చాలా ఏళ్ళకు బిడ్డ పుట్టాడు. తండ్రి రోజూ నాకు ఫోనులో బిడ్డ ఫొటో పంపేవాడు. "మేడం, నిన్నటికంటే పచ్చగా ఉండాడు గదా?" అని కింద రాసేవాడు. ఒక ఫొటో ట్యూబులైటు కింద తీసింది, ఒకటి దోమతెర లోపల తీసింది, ఒకటి వాళ్ళ అత్తగారి చీర మీద పడుకోబెట్టి తీసింది. ఒక్కో ఫొటోలో బిడ్డ ఒక్కో రంగులో ఉన్నాడు. నేను ఇక ఉండబట్టలేక బస్సెక్కి వెళ్ళాను.

బిడ్డ ఆకలికి లేచి గొంతు చించుకుని ఏడ్చాడు. ఆత్రంగా పాలు తాగాడు. నా ఒళ్ళో పెట్టగానే నా చీర తడిపాడు. మొహం మీద, రొమ్ము మీద కాస్త పసుపు ఉంది, కాళ్ళు గులాబి రంగులోనే ఉన్నాయి. చాలామంది బిడ్డలకు పుట్టిన రెండు మూడు రోజులకు ఇలా రావడం, పాలు బాగా తాగుతుంటే దానంతట అదే తగ్గిపోవడం మామూలే. అయినా ఒకసారి డాక్టరు చేత చూపించి, పరీక్ష చేయించి, ఏమీ ఫర్వాలేదని ఆయన చేతే చెప్పించాను. నా మాట మీద ఆ తండ్రికి నిద్ర పట్టదని తెలుసు మరి.

ఆ తండ్రిని చూసి నవ్వేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఊరికే కంగారు పడిన తండ్రి వల్ల బస్సు చార్జీలు పోతాయి, అంతే. నాకు చెమటలు పట్టేది నిబ్బరంగా ఉన్న ఇళ్ళల్లో. "బిడ్డ బంగారమమ్మా, ఏడవనే ఏడవడు, ఎప్పుడూ నిద్రే" అని ఎవరైనా మురిసిపోతూ చెబితే నా గుండె జారిపోయేది. నాలుగు రోజుల బిడ్డ పాలకు లేవకుండా నిద్రపోతుంటే అది బుద్ధిమంతుడి లక్షణం కాదు. అది జబ్బు లక్షణం కావచ్చు.

ఇద్దరు డాక్టర్లు

నేను పని చేసిన కాలంలో డాక్టర్లు చాలామంది వచ్చారు, వెళ్ళారు. ఈ విషయంలో ఇద్దరిని గురించి చెప్పాలి.

ఒకాయన మంచి మనిషి. రోగులను కసిరేవాడు కాదు. కానీ పచ్చగా ఉన్న బిడ్డను ఎవరు తెచ్చినా తల ఎత్తకుండానే "పొద్దుటెండలో పెట్టండమ్మా, పోతుంది" అనేవాడు. ఎక్కువమందికి పోయేది కూడా. అదే వచ్చిన చిక్కు. పదిమందికి పోతే పదకొండో బిడ్డ విషయంలో కూడా నోరు అదే మాట అనేస్తుంది. ఎండ మందు కాదు. ఆసుపత్రిలో పెట్టే నీలం లైటు చేసే పని కిటికీలోంచి వచ్చే ఎండ చేయదు. పైగా ఎండలో పెట్టామన్న ధీమాతో ఇంట్లోవాళ్ళు ఇంకో రెండు రోజులు ఆగుతారు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు.

ఇంకొకాయనకు నోటి దురుసు ఎక్కువ. మమ్మల్ని తిట్టని రోజు లేదు. ఆయనంటే నాకు ఈరోజుకీ ఇష్టం లేదు. కానీ ఆయన నేర్పిందే నన్ను కాపాడింది. "ఒంటి మీద చూసి నాకు చెప్పొద్దు. మన ఊళ్ళల్లో బిడ్డలు చామనఛాయ, పైగా మీరంతా పసుపు రుద్దుతారు. కంటి తెల్లగుడ్డు చూడు, చిగురు మీద వేలుపెట్టి నొక్కి తీసి చూడు. అక్కడ ఏ ముసలమ్మా పసుపు పూయలేదు" అని అరిచేవాడు. ఇష్టం లేని మనిషి దగ్గర కూడా పని నేర్చుకోవచ్చు. నేర్చుకోవాలి.

మైపాడులో పోలమ్మ ఇల్లు

నేను దిగిపోవడానికి కొన్నేళ్ళ ముందు సంగతి. మైపాడులో సుజాత అనే అమ్మాయికి తొలి కాన్పు అయింది. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి బిడ్డతో తన తల్లి పోలమ్మ ఇంటికి వచ్చింది. భర్త ఏడుకొండలు వాళ్ళదీ అదే ఊరు, సముద్రంలో చేపల వేటకు పోయే కుర్రాడు. పురుడు ఉన్నన్ని రోజులు పడవెక్కకూడదు, వల ముట్టకూడదు అని వాళ్ళలో కట్టుబాటు. అందుకని అతను అత్తగారి వాకిట్లోనే పని లేక తిరుగుతున్నాడు.

నేను పోయేసరికి పోలమ్మ బిడ్డకు నీళ్ళు పోసి తీసుకొచ్చింది. నూనె పట్టించి, సున్నిపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టి, వేపాకు వేసి కాచిన నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ వేసింది. పసుపులో ముంచి ఆరేసిన పాత చీర ముక్కలో బిడ్డను చుట్టింది. గాలి సోకకుండా కిటికీ మూసి, దానికి గోనె అడ్డం కట్టింది. ప్రేమతో చేసే పనులే ఇవన్నీ, తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ గదిలో ఆ బిడ్డకు కామెర్లు ఉన్నాయో లేదో ఆ దేవుడు దిగొచ్చినా చెప్పలేడు.

"బిడ్డ పాలు తాగతా ఉండాదా సుజాతా?" అని అడిగాను.

"నిన్నటిదాకా తాగింది మేడం. ఈరోజు పెడితే నోట్లో పెట్టుకోని నిద్రపోతా ఉండాది" అంది ఆ పిల్ల.

"బంగారు తల్లి, గుక్కపట్టి ఒక్క ఏడుపు లేదు నర్సమ్మా" అంది పోలమ్మ.

"అక్కా, బిడ్డను ఒకసారి బయట వెలుతురులో చూస్తాను, ఇట్టా ఇవ్వు" అన్నాను.

పోలమ్మ బిడ్డను గుండెలకు అదుముకుంది. "పురిటి స్నానం కాకుండా గడప దాటించేదా? మా ఇంట్లో ఆ పని జరగదు. చూసేదేందో ఈడే చూసుకో."

ఇక్కడ చిన్నవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. మూఢనమ్మకం అని ఉపన్యాసం మొదలుపెడతారు. అది అయ్యేసరికి తలుపు మూసుకుంటుంది. నేను ఆ మాట ఎత్తలేదు. "దాటించొద్దక్కా. గడపకు లోపలే కూర్చో. ఒళ్ళో బిడ్డ తల వాకిలి వైపు ఉండేట్టు పెట్టుకో. నేను బయట కూర్చోని చూస్తాను" అన్నాను. ఆమె కాస్త ఆలోచించి, గొణుక్కుంటూనే వచ్చి కూర్చుంది.

చేతులు కడుక్కుని తడిగుడ్డతో బిడ్డ మొహం తుడిచాను. గుడ్డకు పసుపు అంటింది. అరికాళ్ళు తుడిచాను, గుడ్డ పచ్చబడింది, అరికాళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి. అది పూసిన పసుపో, లోపలి నుంచి వచ్చిందో తేలలేదు. కనురెప్ప మెల్లగా ఎత్తి చూశాను. తెల్లగా ఉండాల్సిన చోట ముదురు పసుపు. చిన్నవేలితో కింది చిగురు నొక్కి తీశాను. నొక్కిన చోట గులాబి రంగు పోయి, వెలుతురులో పసుపు తేలింది. కాలి మడమ మీద తట్టాను. ఏడవాల్సిన బిడ్డ మూలిగి ఊరుకుంది.

"నీది ఏ గ్రూపు అన్నారు సుజాతా?"

"ఓ పాజిటివ్ అన్నారు మేడం."

తల్లిది ఓ గ్రూపు అయి, బిడ్డది వేరే గ్రూపు అయితే కామెర్లు వేగంగా పెరగవచ్చు. అక్కడ కూర్చుని పరీక్ష చేయలేను. కానీ ఇక ఆగకూడదని మాత్రం తెలిసింది. "అక్కా, బిడ్డను ఇప్పుడే నెల్లూరు తీసుకుపోవాల. కామెర్లు ఎక్కువగా ఉండాయి" అన్నాను.

"కామెర్లయితే పక్కూళ్ళో పసరు పోస్తారు. రెండు చుక్కలు ముక్కులో వేస్తే దిగిపోతాది. దానికి నెల్లూరెందుకు?"

"ముక్కులో ఏమీ వేయొద్దక్కా, దండం పెడతా. బిడ్డ మింగే ఓపికలో కూడా లేదు. నువ్వే చూడు, ఎంత తట్టినా లేస్తా లేదు."

పోలమ్మ తనే బిడ్డ చెంప తట్టింది. "అమ్మే, అమ్మే" అని పిలిచింది. ఇంకోసారి తట్టింది. ఆమె మొహంలో ధీమా కరిగిపోవడం నేను చూశాను. అయినా ఆమె గడప దగ్గర నుంచి లేవలేదు. మొండితనం కాదు అది, భయం. భయపడిన మనిషి తెలిసిన దారినే పట్టుకుంటుంది.

అప్పటిదాకా వాకిట్లో నిలబడి వింటున్న ఏడుకొండలు ముందుకొచ్చాడు. "అత్తా, గడప దాటిన పాపమేదో నాకు తగలనీ. బిడ్డనియ్యి" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా పక్కింటి ఆటో అతన్ని కేకేశాడు.

దారి

మైపాడు నుంచి నెల్లూరు అంత దూరమేమీ కాదు. ఆ రోజు మాత్రం ఎంతకీ రాలేదు. ప్రతి గతుకు దగ్గర నేను బిడ్డ రొమ్ము మీద చెయ్యి పెట్టి ఊపిరి చూశాను. సుజాత పాలు పిండి గిన్నెలోకి తీస్తే, బిడ్డ కాస్త కదిలినప్పుడల్లా చుక్క చుక్క నాలిక మీద వేశాం. గ్లూకోజు నీళ్ళు పడదామా అని ఏడుకొండలు అడిగాడు. వద్దన్నాను. కామెర్లకు నీళ్ళు పనికిరావు, తల్లిపాలే పోయాలి. ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి బిడ్డ వయసు, మగత, తల్లి గ్రూపు చెప్పాను. మీరు కూడా అలాగే చెప్పి వెళ్ళండి. బిడ్డ చేరగానే పని మొదలవుతుంది.

పోలమ్మ రానంది గానీ ఆటో కదిలేసరికి చెప్పులు కూడా లేకుండా వచ్చి ఎక్కింది.

వార్డు బయట

రక్తం తీశారు. బిడ్డను నీలం లైటు కింద పడుకోబెట్టి కళ్ళకు గంతలు కట్టారు. అద్దంలోంచి అది చూసి సుజాత వెక్కి వెక్కి ఏడ్చింది. గంతలు కళ్ళకు లైటు తగలకుండా కట్టారని, నొప్పి ఉండదని చెప్పాను. ఆ మాట ఎవరూ ముందుగా చెప్పరు. తల్లికి చెప్పడం మరిచిపోకండి.

పిల్లల డాక్టరు బయటకు వచ్చారు. చిన్న వయసు అమ్మాయి, నిలబడి ఓపిగ్గా చెప్పింది. "పసుపు బాగా ఎక్కువగా ఉంది. లైటుతో తగ్గుతుందేమో చూస్తాం. తగ్గకపోతే రక్తం మార్చాల్సి ఉంటుంది. ఇది మరీ పెరిగితే మెదడుకు చేరుతుంది. చెవులు వినపడకుండా పోవచ్చు, కాళ్ళూ చేతులూ వంకర తిరగవచ్చు. అందుకే తొందరపడుతున్నాం."

"చెవులా?" అంది పోలమ్మ.

"అవునమ్మా."

పోలమ్మ గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చుంది. నేను కళ్ళు తిరిగాయనుకుని పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. కాసేపటికి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"నా పెద్దోడు శీనయ్య. సుజాతకంటే ముందోడు. వాడికీ ఇట్టానే పచ్చగా వచ్చినాది. పసరు పోయించినా. రంగు పోయినాది, బతికినాడు, చాలనుకున్నా. నడక లేటు. నడిచినా కాలు వంకరగా వేసేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. చెవుడు పుట్టుకతోనే వచ్చిందిలే, దేవుడి రాత అనుకున్నాం. ఒకరోజు నేను చేపలు ఆరబోస్తా ఉంటే నీళ్ళల్లోకి పోతా ఉండాడు నర్సమ్మా. అల పెద్దదిగా లేస్తా ఉండాది. రేయ్ శీనా, రేయ్ శీనా అని గొంతు పోయేట్టు అరిచినా. తిరగలా."

నేను ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను. అద్దం అవతల పాప రొమ్ము ఎగసిపడటం చూస్తూ ఇద్దరం అలాగే ఉండిపోయాం. ఈ బిడ్డకు కూడా ఆలస్యమైందా అన్న ఒక్క ప్రశ్నే నా తలలో తిరిగింది.

మీరు ఏం చూడాలి

కొంచెం ఆగి, చిన్నవాళ్ళకు చెప్పాల్సింది ఇక్కడే చెప్పేస్తాను. బారసాల దాకా ఆగే జబ్బు కాదిది.

పుట్టిన మొదటి రోజే బిడ్డ పచ్చబడితే ఏమీ ఆలోచించకుండా ఆసుపత్రికి పంపండి. ఆ తర్వాతైనా సరే, పసుపు పొట్ట దాటి కాళ్ళకు, అరిచేతులకు, అరికాళ్ళకు దిగినా, పాలకు లేవకపోయినా, చప్పరించే ఓపిక లేకపోయినా, ఒళ్ళు వేలాడేసినా, వెనక్కి విల్లులా వంగినా, పిల్లి అరిచినట్టు సన్నగా కీచుమని ఏడ్చినా ఆ గంటలోనే బయల్దేరాలి. జ్వరం ఉన్నా అంతే. బట్టలు తడపడం తగ్గితే పాలు సరిగా అందడం లేదని అర్థం, ఆ రోజే చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను, ముందు కాన్పులో కామెర్లకు లైటు పెట్టించుకున్న ఇంటి బిడ్డను, తల్లిది ఓ గ్రూపో నెగెటివ్ గ్రూపో అయిన బిడ్డను ఇంకాస్త ఎక్కువ కనిపెట్టి చూడండి.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు. రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే, బిడ్డ బాగానే తాగుతున్నా సరే డాక్టరుకు చూపించాలి. విరేచనం సున్నంలా తెల్లగా ఉన్నా, మూత్రం గుడ్డకు ముదురు పసుపు మరక వేసినా అది కాలేయం సంగతి కావచ్చు. దానికి కూడా ఆలస్యం పనికిరాదు.

పసుపు నీళ్ళు పోయొద్దని కొట్లాడకండి, పోసేవాళ్ళు పోస్తారు. మొదటి రెండు వారాలు పసుపు లేకుండా పోయమని బతిమాలండి. వినకపోతే కన్నూ చిగురూ చూడండి. పగటి వెలుతురులో చూడండి. కంటితో చూసి ఎంత ఉందో చెప్పే మొనగాడు ఎవడూ లేడు, అనుమానం వస్తే పరీక్షకు పంపాల్సిందే. పంపాక ఏమీ లేదని తేలితే నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. కంగారక్క అన్న పేరు వల్ల నాకు ఏ నష్టమూ రాలేదు.

పిలుపు

లైటు కింద పాప పసుపు తగ్గింది. రక్తం మార్చాల్సిన అవసరం రాలేదు. పాలు తాగడం మొదలుపెట్టింది, ఒకరోజు వార్డంతా అదిరేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఏడుకొండలు నడవాలో నిలబడి నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మాత్రం "చెవుల పరీక్ష చేయిస్తూ ఉండాలి, ఇప్పుడే చెప్పలేం" అంది.

మొదటిసారి మిషను పెట్టి చూసి, సరిగ్గా తేలలేదు, మళ్ళీ తీసుకురమ్మన్నారు. మళ్ళీ అన్న ఆ ఒక్క మాటతో పోలమ్మ ఇంట్లో అందరికీ అన్నం సయించలేదు. నాకూ సయించలేదు. ఆ రోజుల్లో ఆ వీధి వైపు పోవాలంటేనే నా కాళ్ళు వెనక్కి లాగేవి. పిలిస్తే పాప తిరగకపోతే, అది చూడాల్సి వస్తుందని.

రెండోసారి పరీక్షలో చెవులు బాగున్నాయని చెప్పారు. సుజాత ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. మర్నాడే నేను మైపాడు బస్సెక్కాను.

పాప వాకిట్లో చాప మీద బోర్లా పడుకుని ఉంది. తల నిలుపుతోంది. పోలమ్మ దాని వెనకాల, దాని కంటపడకుండా కూర్చుని ఉంది. నన్ను చూసి, మాట్లాడొద్దని చెయ్యి చూపింది. తర్వాత మామూలు గొంతుతో, "అమ్మే" అని పిలిచింది.

పాప తల తిప్పి చూసింది.

"మిషను చెప్పినాది గదక్కా, ఇంకా అనుమానమెందుకు?" అన్నాను.

"మిషను చెప్పినాదిలే" అంది. చేటలో చేపలు సర్దుతూ, నా వైపు చూడకుండానే అడిగింది. "నా శీనయ్యను కూడా ఆ నీలం లైటు కింద పెట్టుంటే, వాడికీ వినపడేదా నర్సమ్మా?"

ఇన్నేళ్ళ పనిలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నీ తప్పేమీ లేదు, ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు అని చెప్పొచ్చు. అది నిజమే. కానీ ఆమె అడిగింది అది కాదు.

"వినపడేదేమో అక్కా" అన్నాను.

పోలమ్మ తల ఊపింది. చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, పాప వెనక్కి వెళ్ళి మళ్ళీ "అమ్మే" అని పిలిచింది. పాప తిరిగి నవ్వింది. ఆమె ఇంకొంచెం దూరం జరిగి మళ్ళీ పిలిచింది.